యా, చువ

తామ్ అబద్ధాలకోరని నమ్మినన్నాళ్ళూ నేను నిశ్చింతగా ఉన్నాను. అతను అబద్ధం చెప్పే మనిషి కాదని తెలిశాకే చిక్కొచ్చి పడింది.

నా పేరు హాస్కిన్స్. నెబ్రాస్కాలో పందులు పెంచే ఇంట్లో పుట్టాను. సైన్యంలో చేరి సార్జంటునయ్యాను. 1967లో, వియత్నాం కొత్తేడాది టెట్ పండగ వెళ్ళిన నెలకి, మెకాంగ్ డెల్టాలో ఒక మట్టికోటకు సలహాదారుగా వచ్చి పడ్డాను. డెబ్బైమంది వియత్నాం సిపాయిలు, వాళ్ళ పెళ్ళాలు, పిల్లలు, బాతులు, కోళ్ళు, అందరం ఆ మూడు మూలల కోటలోనే. అమెరికన్లం ఇద్దరమే, మా కెప్టెన్, నేను. సలహాదారు అన్న మాట వినడానికి గొప్పగా ఉంటుంది. ఇరవయ్యేళ్ళుగా ఆ బురదలో యుద్ధం చేస్తున్నవాళ్ళకు నేనిచ్చే సలహా ఏముంటుంది, నా మొహం? నా వల్ల వాళ్ళకు ఉపయోగం ఒక్కటే. నా రేడియోలో నా గొంతు వినిపిస్తే ఫిరంగులు పేలతాయి, హెలికాప్టర్లు వస్తాయి. వాళ్ళు గొంతు చించుకున్నా ఏవీ రావు.

తామ్ అంటే ఎనిమిది. ఆ దేశపు దక్షిణాదిన పిల్లల్ని పుట్టిన వరసతోనే పిలుస్తారు. నలభై అయిదేళ్ళ మనిషి, కోటలో అందరికంటే పాత సార్జంటు. సిపాయిలంతా అతన్ని 'తామ్ బాబాయి' అంటారు. అతని తర్వాత పుట్టిన కడగొట్టువాడు ఊత్ కూడా మాతోనే ఉన్నాడు. అన్న ఎంత ముభావమో తమ్ముడు అంత వాగుడుకాయ. నాకు 'కొంగ' అని పేరు పెట్టింది వాడే.

నేను వచ్చిన మొదటివారంలో తామ్‌ను అడిగాను, "ఆరింటికల్లా పడవ సిద్ధంగా ఉంటుందా?" అని. "యా" అన్నాడు. పడవ తొమ్మిదింటికి వచ్చింది. ఇంకోరోజు ముళ్ళకంచె కట్టడం అయిందా అంటే "యా" అన్నాడు. వెళ్ళి చూస్తే కంచె చుట్ట చుట్టినట్టే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మొహమ్మీదే అబద్ధాలాడతాడేమిటీ మనిషి అని మా దుభాషీ లోక్‌ను పట్టుకుని కడిగేశాను.

లోక్ నవ్వాపుకోలేకపోయాడు.

"అది మీ ఇంగ్లీషు 'యా' కాదు సార్! మా భాషలో పెద్దవాళ్ళతో మాట్లాడేప్పుడు ముందు పెట్టే మాట. 'చిత్తమండీ, వింటున్నానండీ' అని. ఔననడం కాదు. కాదని చెప్పాలన్నా ముందు 'యా' అనే చెబుతాం."

"కాదనడానికి కూడా 'యా'నా?"

"మరి పెద్దవాళ్ళ మొహమ్మీద ఉత్త 'కాదు' అంటే తెగబలిసినట్టుండదా సార్?"

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ నేను తెలివైనవాణ్ణి కదా! ఒక పద్ధతి కనిపెట్టాను. మా సైన్యంలో రేడియోలో ఒకడు చెప్పిన మాట రెండోవాడు తిరిగి చెబుతాడు, సరిగా విన్నాడని తెలియడానికి. అదే తామ్‌కు నేర్పించాను. 'నేనేదన్నా చెబితే నువ్వు యా అను, తర్వాత నా చివరిమాట మళ్ళీ అను' అన్నాను. లోక్ తర్జుమా చేశాడు. తామ్ శ్రద్ధగా విని, "యా, మళ్ళీ అను" అన్నాడు. ఊత్ పొట్ట పట్టుకుని నవ్వాడు. పద్ధతి మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. పడవలు వేళకు వచ్చాయి, కంచెలు లేచాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నేను వచ్చిన నాలుగో నెలలో ఒకరోజు కెప్టెన్ పన్ను పీకించుకోవడానికి పట్నం వెళ్ళాడు. లోక్ మలేరియాతో ఆసుపత్రిలో ఉన్నాడు. తెల్లారగానే నత్తలమ్ముకునే ఆవిడ కోట దగ్గరికొచ్చి, పెద్దకాలువ అవతల కొబ్బరితోటలో ఎవరో కొత్తమనుషులు వంటలు చేసుకుంటున్నారని చెప్పి పోయింది. కోటకు అధికారి లెఫ్టినెంట్ ఖియెమ్. అమెరికాలో ఆరు నెలలు శిక్షణ పొందినవాడు, ఇంగ్లీషు వచ్చు. అతనుండగా నాకు లోక్ లేకపోయినా ఫరవాలేదనుకున్నాను. నలభైమందిమి బయల్దేరాం.

కాలువ మీద దాటడానికి ఒంటి వెదురు వంతెన ఉంది. అటూ ఇటూ పట్టుకోవడానికి ఒక కర్ర, కాలు పెట్టడానికి ఒక బొంగు. ఏడుగురిని తీసుకుని తోటలోకి వెళ్ళి చూసిరమ్మని ఖియెమ్ తామ్‌కు చెప్పాడు. నేనూ వెళతానన్నాను.

"వద్దు బాబోయ్!" అన్నాడు ఊత్. "కొంగ ఎక్కితే బొంగు విరుగుద్ది. మళ్ళీ మేమంతా ఈదుకుంటూ రావాలి."

"నోరు ముయ్యరా," అన్నాడు తామ్.

"మూసుకుంటే నీకే తోచదు అన్నా. నడు నడు."

అలా అంటూనే వంతెన ఎక్కాడు. వాళ్ళ మాటలు నాకు ఇంగ్లీషులో చెప్పి, ఖియెమ్ నన్ను ఆపేశాడు. ఎనిమిదిమందీ ఒకరి వెనక ఒకరు దాటి తోటలోకి వెళ్ళారు. మేం కాలువకి ఇవతల పొలంగట్టు వెనక బోర్లా పడుకున్నాం. ఎండ చుర్రుమంటోంది. తోటలో కుక్క కూడా మొరగలేదు. ఊళ్ళో కుక్క మొరగకపోతే దాని మూతి ఎవరో కట్టేశారని అర్థం. ఖియెమ్ నావైపు చూశాడు. అతనికీ అదే తోచింది.

అప్పుడు పేలింది మెషిన్‌గన్.

తోట కుడిమూల నుంచి. మా గట్టు మీద మట్టి వరసగా ఎగిరింది. ఖియెమ్ తనవాళ్ళు కనిపిస్తారేమోనని మోకాళ్ళ మీద లేచాడు. లేవకుండా ఉండాల్సింది. తూటా దవడలోంచి దూసుకుపోయింది. నా పక్కనే వెల్లకిలా పడ్డాడు. నోటి నిండా నెత్తురు. వైద్యపు సిపాయి పాక్కుంటూ వచ్చి గుడ్డలు కుక్కి కట్టుకట్టాడు. ఖియెమ్ బతికే ఉన్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాడు. కానీ ఇక మాట్లాడలేడు.

అంటే నలభైమందిలో ఇంగ్లీషు తెలిసినవాడు లేడు. నాకు వచ్చిన వాళ్ళ భాష లెక్కపెడితే నలభై మాటలు.

అవతల తామ్, అతని మనుషులు తోటలో ఇరుక్కున్నారు. వాళ్ళ వెనక్కి, నీటితాటి పొదల చాటున, పదిహేనుమంది దాకా వంగి పరుగెత్తుతూ వంతెనవైపు వస్తున్నారు. వంతెన వాళ్ళ చేతికి చిక్కితే ఎనిమిదిమందీ అయిపోయినట్టే. మా తుపాకులకు ఆ పొదలు లొంగడంలేదు. నా చేతిలో ఉన్నది ఒక్కటే, నా గొంతు. రేడియో తీసి, ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫిరంగులవాళ్ళను పిలిచి, చోటు చెప్పాను. ముందు పొగగుండు ఒకటి వేశారు. తోటకి కుడిపక్కన తెల్లటి పొగ లేచింది. దాన్ని చూసి యాభై మీటర్లు ఎడమకు జరపమన్నాను.

"మీవాళ్ళెవరూ ఆ చెట్లలో లేరు కదా?" అని అడిగాడు ఫిరంగుల దగ్గరి మనిషి.

"అడిగి చెప్తాను."

"త్వరగా చెప్పు సార్జంట్. ఇంకో కోట మీద కూడా దాడి మొదలైంది. అయిదు నిమిషాల్లో ఈ ఫిరంగులు అటు తిప్పేస్తారు."

వియత్నాం వాళ్ళ రేడియో మోసేవాడు న్యాన్ నా పక్కనే ఉన్నాడు. సైన్యంలోకి రాకముందు దర్జీ. భయస్తుడు, మర్యాదస్తుడు. వాడి దగ్గర్నుంచి మాట్లాడే గొట్టం లాక్కున్నాను. లోక్ నాకు నేర్పిన ఒక వాక్యం ఉంది. ముక్కలుగా అర్థం తెలియదు, మొత్తంగా బట్టీ పట్టాను. 'రా హెత్ చువ?' అందరూ బయటికొచ్చారా, అని.

"తామ్! రా హెత్ చువ?"

గరగరమంది. తూటాల చప్పుడు. తర్వాత తామ్ గొంతు, ఎప్పటిలాగే నిదానంగా, ఎప్పటిలాగే వినయంగా.

"యా, చువ."

యా, ఆపైన నా చివరిమాట. నేను నేర్పించిన పద్ధతి.

ఆ భాషలో ప్రశ్న చివర 'చువ' పెడితే 'అయిందా?' అని. జవాబులో అదే 'చువ' అంటే 'ఇంకా లేదు' అని. 'ఇంకా రాలేదండీ' అని తామ్ చెప్పాడు. 'చిత్తం, వచ్చేశారు' అని నేను విన్నాను.

ఖియెమ్ విన్నాడు. ఆ గొట్టంలోంచి మాట పక్కవాళ్ళకు కూడా వినపడుతుంది. అతను నా చీలమండ పట్టుకున్నాడు. నొప్పికి తట్టుకోలేక పట్టుకున్నాడనుకున్నాను.

"హెలికాప్టర్ వచ్చేస్తుంది. కాస్త ఓర్చుకో," అన్నాను.

ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. గోళ్ళు దిగాయి. నేను కాలు విదిలించుకున్నాను. ఆ పని తలుచుకుంటే ఈనాటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది. ఒక మనిషి నోరు లేక, చేత్తో చెప్పబోతుంటే విదిలించుకున్నాను.

పొదల్లోంచి మొదటివాడు వంతెన మొదట్లోకి వచ్చేశాడు. మావాళ్ళు కాల్చారు, వాడు పడ్డాడు, వాడి వెనక ఇంకో ఇద్దరు కనిపించారు. ఇక ఆగితే లాభంలేదనుకున్నాను.

"మావాళ్ళు బయటే ఉన్నారు," అన్నాను అమెరికన్ రేడియోలో. "కొట్టండి. రెండు ఫిరంగులూ, మూడేసి గుళ్ళు."

ఆ మాట పూర్తికాగానే ఖియెమ్ నెత్తుటి చెయ్యి నా నోటిమీద పడింది. ఎలా లేచాడో లేచాడు. మతి తప్పిందనుకుని తోసేయబోయాను. అతను చెయ్యి తీసి మూడు వేళ్ళు చూపించాడు. కొబ్బరితోటవైపు చూపించాడు. మళ్ళీ మూడు వేళ్ళు. నేను మా రేడియోలో మాట్లాడుతుండగా, ముగ్గురు ఇంకా లోపలే ఉన్నారని తామ్ న్యాన్ గొట్టంలో చెప్పాడట. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

న్యాన్ అప్పటికి ఎంతసేపట్నుంచి చెబుతున్నాడో ఏమో, "యా, అయ్యగారూ... యా, అయ్యగారూ..." అని గొణుగుతూనే ఉన్నాడు. ఆ పాడు 'యా' నా చెవికి ఔనౌననే వినిపిస్తోంది. లెఫ్టినెంట్ చెయ్యి చూసేసరికి వాడికీ ధైర్యమొచ్చింది. మర్యాద వదిలేసి నా చెవిలో అరిచాడు.

"చువ! చువ! చువ!"

తోటవైపు వేలు, అడ్డంగా తల.

నాకప్పుడు అర్థమైంది.

"ఆపండి! ఆపండి! కొట్టొద్దు! మావాళ్ళున్నారు!"

"రెండు వెళ్ళిపోయాయి," అన్నాడు అవతలివాడు. ఇంకా ఏదో అంటుంటే వాడి వెనక మరో రెండు పేలడం వినపడింది. "నాలుగు. ఆపేశాం. నాలుగు వెళ్ళాయి సార్జంట్."

గాల్లోకి వెళ్ళిన గుండును పిలవడానికి ఏ రేడియో లేదు. ఎనిమిది కిలోమీటర్లు రావడానికి ఇరవై సెకన్లకు పైనే పడుతుంది. న్యాన్ గొట్టంలో తామ్‌ను పిలిచి "పడుకోండి! పడుకోండి బాబాయ్!" అని అరుస్తున్నాడు. నేను గట్టు మీద లేచి నిలబడి చేతులు ఊపాను. ఎవరికి ఊపానో తెలియదు. మెషిన్‌గన్ నన్ను కొట్టొచ్చు, కొట్టలేదు. కొడితే బాగుండునని ఆ క్షణంలో నిజంగానే అనుకున్నాను. నెత్తిమీద ఈల వినిపించింది.

రెండు కుడిమూలన పడ్డాయి. రెండు తోట మధ్యలో పడ్డాయి. కొబ్బరిచెట్టు మొవ్వు ఒకటి గాల్లో గిర్రున తిరిగి కాలువలో పడింది.

మెషిన్‌గన్ ఆగిపోయింది. పొదల్లో మనుషులు మళ్ళీ కనపడలేదు. సాధించాల్సింది సాధించామని ఎవరైనా అనొచ్చు. మా కెప్టెన్ తర్వాత అన్నాడు కూడా.

పొగ కాస్త తగ్గాక అవతలి ఒడ్డున బోదెలోంచి తామ్ లేవడం చూశాను. అతనితో నలుగురున్నారు. నలుగురినీ వంతెనవైపు తోసి తను మాత్రం తోటలోకి పరుగెత్తాడు. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. వచ్చేటప్పుడు వీపు మీద ఊత్ ఉన్నాడు. వెనక ఇద్దరు, ఒకడి తొడకి దెబ్బ, రెండోవాడు వాణ్ణి ఆనించుకుని నడిపిస్తున్నాడు.

ఆ ఒంటి బొంగు మీద ఉత్త చేతుల్తో దాటడమే కష్టం. తామ్ ఒక చేత్తో తమ్ముడి రెండు చేతులూ తన మెడ దగ్గర బిగించి, రెండో చేత్తో కర్ర పట్టుకుని, పాదం పక్కకి తిప్పి, ఒక్కో అడుగే వేస్తూ వచ్చాడు. సాయం చేద్దామని ఇద్దరు సిపాయిలు ఎదురెళ్ళారు. తల అడ్డంగా ఊపాడు. గట్టు దగ్గరికి వచ్చి, ఊత్‌ను దించి, చొక్కా సరిచేశాడు. మొహం మీద చిన్న గీత కూడా లేదు. వీపు లేదు.

తొడకి దెబ్బ తగిలినవాణ్ణి బోదెలో ఈడ్చుకొస్తూ ఊత్ వెనకబడిపోయాడట. మొదటి ఈల విని వాడి మీద బోర్లా పడుకున్నాడట. వాడు బతికాడు.

తామ్ నావైపు చూడలేదు.

హెలికాప్టర్ వచ్చి ఖియెమ్‌నూ ఆ సిపాయినీ ఎక్కించుకుని పోయింది. మేం నడిచి కోటకు చేరేసరికి మధ్యాహ్నం అయింది. ఆడవాళ్ళంతా గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఫిరంగి చప్పుడు వింటే వాళ్ళు పొయ్యి మీద ఏమున్నా దించేసి అక్కడికొచ్చి నిలబడతారు. ఒక్కొక్క మొహమే చూస్తూ ఉంటారు. ఊత్ భార్య ముందు తామ్‌ను చూసింది. తర్వాత తామ్ వెనక చూసింది. తర్వాత ఊత్‌ను పడుకోబెట్టి మోస్తున్న ఊయలను చూసింది. నేను టోపీ తీసి చేత్తో పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆమె నన్ను దాటి వెళ్ళింది. నేనక్కడ ఉన్నట్టే ఆమెకు తెలియలేదు.

రెండు రోజుల తర్వాత విచారణకు ఒక అమెరికన్ మేజరు వచ్చాడు. కోటలో బియ్యం నిలవచేసే గదిలో బల్ల వేశారు. లోక్ ఆసుపత్రి నుంచి వచ్చేశాడు, పసుపు పూసినట్టున్నాడు. ముందురోజే నేను వాణ్ణి 'చువ' అంటే ఏమిటని అడిగాను. వాడు చెప్పాడు. చెప్పి, లేచి బయటికి వెళ్ళిపోయాడు. రాత్రంతా కూర్చుని మేజరుకు ఏం చెప్పాలో వాక్యం వాక్యం రాసుకున్నాను. తప్పు నాదని. తెలియని భాషలో ప్రశ్న అడిగి, తెలిసినట్టే జవాబు విన్నానని.

మేజరు ముందు తామ్‌ను పిలిచాడు.

"ఈ సార్జంటు మీవాళ్ళంతా బయటికొచ్చారా అని అడిగాడా?"

లోక్ అడిగాడు. తామ్ టోపీ చంకలో పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

"అడిగారండి."

"మీరేమన్నారు?"

"వచ్చేశారన్నానండి. లెక్కలో పొరబడ్డానండి. పొగలో ఒకణ్ణే రెండుసార్లు లెక్కెట్టాను. తప్పు నాదేనండి."

లోక్ తర్జుమా చేయకుండా నావైపు చూశాడు. తామ్ వాడితో ఏదో ఒక్కమాట అన్నాడు. లోక్ తర్జుమా చేశాడు.

నేను కుర్చీలోంచి లేచాను. జేబులో కాగితం ఉంది. మేజరు తలెత్తాడు.

"నువ్వేమన్నా చెప్పాలా సార్జంట్?"

తామ్ నావైపు తిరిగాడు. ఆ రోజు తర్వాత మొదటిసారి నా కళ్ళల్లోకి చూశాడు. ఆ చూపులో జాలి లేదు, క్షమించడం లేదు. కూర్చో, అన్నట్టుంది అంతే.

"లేదండి," అన్నాను. కూర్చున్నాను.

పావుగంటలో అంతా అయిపోయింది. మేజరు రాసుకున్నాడు, నా భుజం తట్టాడు, హెలికాప్టరెక్కి పోయాడు. తామ్ సార్జంటు చారలు ఊడపీకించారు.

నేను తామ్ కోసం వెతికాను. కోటగోడ మూలన ఇసుక బస్తాలు సర్దుతున్నాడు. లోక్‌ను వెంట తీసుకెళ్ళాను.

"ఎందుకలా చెప్పాడో అడుగు. నేను చెప్పేవాణ్ణి. నిజం చెప్పడానికే వెళ్ళాను. నన్ను కాపాడాల్సిన పనేంటని అడుగు."

లోక్ అడిగాడు. తామ్ బస్తా దించి, చేతులు దులుపుకున్నాడు. మాట్లాడినప్పుడు ముందు 'యా' లేదు, 'అయ్యగారూ' లేదు. నాలుగు నెలల్లో నన్ను ఎన్నడూ అనని మాటతో మొదలుపెట్టాడు. ఆ ఒక్క మాటా నాకు దుభాషీ లేకుండానే తెలుసు. పశువుల్ని, పనికిమాలినవాళ్ళని పిలిచే 'నువ్వు' అది. లోక్ దాన్ని 'మీరు' అని మార్చబోయాడు.

"ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాను.

లోక్ చెప్పాడు. "నిన్ను కాపాడాననుకున్నావా? నీ మొహం. నువ్వు నిజం చెప్తే వాళ్ళు నిన్ను పంపేస్తారు. నీ జాగాలో కొత్తవాడొస్తాడు. వాడి గొంతు వింటేనే గదా గుళ్ళు పడేది. వాడికీ మా మాట ఒక్క ముక్క రాదు. వాడికీ ఒకటో మాట నుంచి నేర్పాలి."

తామ్ బస్తా మీద చెయ్యి వేసుకుని కాలువవైపు చూస్తూ ఇంకొక వాక్యం అన్నాడు.

"ఏమన్నాడు?"

"నాకింక తమ్ముళ్ళు లేరు, అంటున్నాడు సార్."

మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం తామ్ నాకు గంటసేపు తన భాష నేర్పించాడు. నవ్వేవాడు కాదు, విసుక్కునేవాడు కాదు. నేను ఒకమాట తప్పు పలికితే సరిగా వచ్చేదాకా ఇరవైసార్లు అనిపించేవాడు. నా ఏడాది అయిపోయాక ఇంకో ఏడాది కావాలని రాసిచ్చాను, ఆ తర్వాత ఇంకోటి. ఆ రెండేళ్ళలో నా రేడియో వల్ల మావాడు ఒక్కడు కూడా చావలేదు. తామ్ ఆ రెండేళ్ళూ మామూలు సిపాయిగానే, తన చేతికింద పెరిగినవాళ్ళకు సెల్యూట్ కొడుతూ పనిచేశాడు.

నేను రాసుకున్న కాగితం ఎవరికీ ఇవ్వలేదు. మేజరు రాసుకున్న కాగితంలో ఇప్పటికీ తప్పు తామ్‌దే.